లస్మక్క గాజులు

మా ఆగయ్య బావ పోయాడని జైపాల్ ఫోన్ చేసినప్పుడు నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. పొయ్యి ఆపలేదు. తాలింపు మాడకుండా పప్పులో పోసి, మూత పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు ఏడుద్దామని చూశాను. ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఎవరైనా చూస్తారని తలుపు దగ్గరికి వేసుకున్నాను. చచ్చినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆ మాట అన్నవాళ్లకు ఆగయ్య లాంటి బావ ఉండి ఉండడు.

ఆగయ్య నా మొగుడు సదానందానికి సొంత అన్న. బాయిలో కూలీలతో పని చేయించే సర్దారుగా చేసి రిటైరయ్యాడు. గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అనే అంటాం. ఉద్యోగం దిగిపోయాక మా కులసంఘానికి పెద్ద అయ్యాడు. బాయిలో మనుషుల మీద అరిచిన గొంతు ఊరికే పోనివ్వడం ఎందుకనుకున్నాడేమో, కులం మీద అరవడం మొదలుపెట్టాడు. ఆయన భార్య లస్మవ్వ నాకు తోటికోడలు, జైపాల్ వాళ్ల కొడుకు. లస్మవ్వను నేను అక్కా అని పిలుస్తాను. పిలుపులో ఏముంది, పామును కూడా నాగన్నా అంటాం.

ఫోను కూడా నన్ను రమ్మని కాదు. పోయిన సంగతి చెప్పకుండా ఉండలేక చెప్పాడు జైపాల్. ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో మా క్వార్టరుకు, వాళ్ల క్వార్టరుకు మధ్య నాలుగు వీధులే. అయినా ఆ ఇంటి గడప నేను తొక్కకూడదు, నా గడప వాళ్లు తొక్కకూడదు. అది కులం పెట్టిన కట్టుబాటు. పెట్టించింది ఆగయ్య బావ. అదెందుకు పెట్టాడో చెప్పాలంటే నా గాజుల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

సదానందం కామెర్లతో పోయాడు. మా బిడ్డ మమత అప్పుడు చంకపిల్ల. పదో దినం నాడు నన్ను గంగ ఒడ్డుకు తీసుకుపోయారు. గోదావరి మాకు గంగే. మా ఇంటిపేరు వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. మొగుడు పోయినదాని గాజులు మా ఇంటిపేరు ముండరాలే పగలగొట్టాలి. పుట్టింటివాళ్లు ముట్టుకోకూడదు, పరాయి ఇంటిపేరు చెయ్యి పడకూడదు, పుణ్యస్త్రీలు చూడనే కూడదు, మొహం తిప్పుకుని నిలబడాలి. నాకు పసుపు రాసి, తలనిండా పూలు పెట్టి, మోచేతుల దాకా కొత్త గాజులు వేశారు. తీసేయడానికే వేయడం. పోశవ్వ అనే ముసలామె రాయి పట్టుకుని నా ముందు కూర్చుంది. "పసిపోరి, చెయ్యెట్ల లేస్తదే నాకు" అని రాయి ఇసకలో పెట్టేసింది.

ఒడ్డు మీద మొహం తిప్పుకుని నిలబడాల్సిన లస్మక్క అప్పుడు వెనక్కి తిరిగింది.

"కొట్టు అవ్వా! ఒక్క గాజు మిగిల్నా ఇంటికి అరిష్టం. దాని మొగడు పోతే పోయిండు, నా మొగడు సల్లగుండాలె" అని అరిచింది.

పోశవ్వ కళ్లు మూసుకుని కొట్టింది. రాయి జారి నా మణికట్టు చీరుకుపోయింది. నెత్తురు చూసి మిగతా ఆడవాళ్లు అయ్యో అన్నారు. లస్మక్క మాత్రం గాజులన్నీ పోయాయా లేదా అని చూసింది.

తరవాత నాకు ల్యాంపు రూములో పని దొరికింది. బాయిలోకి దిగేవాళ్లు టోపీకి తగిలించుకునే బ్యాటరీ దీపాలు కిటికీలోంచి అందించాలి. ముండరాలు ఎదురొస్తేనే డ్యూటీ మానుకుని ఇంటికి తిరిగిపోయే మనుషులు వాళ్లు. అలాంటిది ముండరాలి చేతి దీపంతో భూమి కిందికి దిగుతారా? నేను పనిలో చేరిన రోజు మొదటి షిఫ్టు వరసలో ముందున్నది మా బావే. నేను దీపం అందిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీ మొగన్ని మింగింది సాలదా? షిఫ్టు మొత్తాన్ని మింగుతవా? ఎనకకు పో" అన్నాడు.

పరాయివాడు అంటే వేరే సంగతి. నా మొగుడితో ఒకే కంచంలో తిని పెరిగినవాడు అన్నాడు. వరస కదల్లేదు. నేను దీపం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అప్పుడు వెనక నుంచి ఒక ఫిల్లరు, బొగ్గు ఎత్తే మనిషి, వరస తప్పించుకుని ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

"ఇటియ్యి బిడ్డా. దీపానికి మొగడుంటడా, పెండ్లముంటదా?" అన్నాడు.

ఆయన సదయ్య. మా వాళ్లు ఆయన కులానికి చాయ్ గ్లాసు వేరే పెడతారు. ఆ రోజు షిఫ్టు దిగి, పైకొచ్చి, దీపం తెచ్చి నా చేతికే ఇచ్చి నవ్వి పోయాడు. అయినా మా బావ ఊరుకోలేదు, రోజూ కిటికీ దగ్గర గొడవే. చివరికి నేనే విసుగెత్తి వెనక గదిలో దీపాలకు చార్జింగు పెట్టే పనికి మారాను.

ఇవన్నీ ఓర్చుకున్నాను. మమత పెళ్లి నాటిది మాత్రం ఓర్చుకోలేదు. పీటల మీద కన్నవాళ్లుగా ఆగయ్య బావ, లస్మక్క కూర్చున్నారు. నన్ను పక్క క్వార్టరు వంటింట్లో ఉల్లిగడ్డల బస్తా పక్కన కూర్చోబెట్టారు. "నీ బిడ్డ బతుకు సల్లగుండాలంటే గీ గడప దాటకు" అని చెప్పడానికి లస్మక్కే వచ్చింది, పట్టుచీర కట్టుకుని. తాళి కట్టేటప్పుడు బాజా విన్నాను, తాళి చూడలేదు. ఆ బస్తా పక్కన కూర్చుని ఒక మొక్కు మొక్కుకున్నాను. ఆగయ్య బావ లస్మక్క కంటే ముందు పోవాలి. అప్పటికి నేను బతికి ఉండాలి. గంగ ఒడ్డున ఆ రాయి నా చేతిలో ఉండాలి. పిల్లల కోసమో పంట కోసమో మొక్కుకునేవాళ్లు ఉంటారు, నేను దీనికోసం మొక్కుకున్నాను.

పెళ్లయిన తరవాత ఒక ఆదివారం సదయ్య తాత ఇంటికి పోయాను. ఆయన బోధ చెబుతాడని కాలనీలో అందరికీ తెలుసు. ఆ బోధవాళ్లు ఏక్‌తార పట్టుకుని తత్వాలు పాడతారు. బోధ తీసుకున్నవాళ్లు కులం అడగరు, ఒకే బేసిన్లో చెయ్యి పెట్టి తింటారు. మనిషి పోతే కూర్చోబెట్టి పాతిపెడతారు. పిట్టకు ముద్ద పెట్టడం, పిండాలు, ఏమీ లేవు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లలో మొగుడు పోయినామె బొట్టు ఎవరూ తుడవరు. నేను అక్కడికి భక్తితో పోయానని అబద్ధం చెప్పను, కోపంతో పోయాను. భక్తి తరవాత ఎప్పుడో మెల్లగా వచ్చింది. వచ్చినా కోపాన్ని బయటికి తోలలేదు, దాని పక్కనే చాప వేసుకుని కూర్చుంది.

ఉపదేశం ఇచ్చిన రోజు సదయ్య తాత భార్య నాకు బొట్టు పెట్టి గాజులు వేసింది. వాటితోనే ఎర్రటి ఎండలో కాలనీ నడిబజారులోంచి నడిచి ఇంటికి వచ్చాను. కుక్కలు కూడా అరవలేదు, మనుషులు మాత్రం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఆ వారమే ఆగయ్య బావ సంఘం హాల్లో కులాన్ని పిలిచాడు.

"జమున బోధల కలిసింది. గామె ముండరాలు కాదు, పుణ్యస్త్రీ కాదు. ఇయ్యాల్టి సంది మా ఇంటిపేరుది కాదు. మా ఇంట్ల సావైనా లగ్గమైనా గామె చెయ్యి తగులద్దు" అన్నాడు. అందరూ తలలు ఊపారు. ఎవరి ఇంటికి ఎవరు అవసరం పడతారో ఆలోచించే తీరిక ఆ రోజు ఎవరికీ లేదు.

ఇదీ కట్టుబాటు కథ. ఇక ఆగయ్య బావ దినాల దగ్గరికి వస్తాను.

పదో దినం ముందు రోజు మధ్యాహ్నం జైపాల్ వచ్చాడు. రామగుండం ఎండకు మొహం కమిలిపోయి ఉంది. లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు. మంచివాడే, కాకపోతే తండ్రి బతికున్నన్నాళ్లూ ఆ మంచితనం ఎవరికీ పనికి రాలేదు.

"చిన్నమ్మా, రేపు గంగ కాడికి నువ్వు రావాలె" అన్నాడు.

"నేనెందుకు? నేను మీ ఇంటిదాన్ని కాదు గద."

"అమ్మ గాజులకు... ఇంటిపేరుల మొగడు పోయినోళ్లు ఇంకెవలు లేరు చిన్నమ్మా. పోశవ్వ అవ్వ కరోనాల పోయె. ఆమె ఎనుక నువ్వొక్కదానివే. నర్సింగం తాత కులపోళ్లను అడిగిండు. కట్టుబాటు ఎత్తేస్తమన్నరు."

నర్సింగం నా మొగుడికి చిన్నాయన వరస. ఆగయ్య బావ పోయాక ఇప్పుడు ఆయనే కులపెద్ద.

"గని..." అని ఆగాడు జైపాల్.

"గని ఏంది? చెప్పు."

"బొట్టు తీసి రావాలెనట. గాజులు గూడ. బొట్టుతోని ముడితే చెల్లదట."

నాకు లోపల ఏదో పొంగింది. ఆగయ్య బావ నన్ను ఇంటిపేరులోంచి వెళ్లగొట్టి, తన పెళ్లాం గాజులకు మనిషి లేకుండా చేసుకుపోయాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటే ఇన్నాళ్లూ నమ్మలేదు.

"మీ అమ్మేమంటున్నది?"

"ఏమంటది? గోడకానుకొని కూసుంటున్నది. తింటలేదు."

"వస్తనని చెప్పు" అన్నాను.

వాడు పోగానే అద్దం ముందు నిలబడి బొట్టు తుడిచేసుకున్నాను. సబ్బు రాసి గాజులు తీశాను. మణికట్టు మీద పాత మచ్చ తెల్లగా కనిపించింది. నాకు దుఃఖం కలగలేదు, తొందర కలిగింది. ఆ రాయి ఎంత బరువుండాలో, ఎక్కడ కొట్టాలో, కొట్టే ముందు ఏం అనాలో అన్నీ ఆలోచించుకున్నాను. "ఒక్క గాజు మిగలద్దంటివి గద అక్కా" అనాలి. అది మాత్రం తప్పకుండా అనాలి.

ఆ మొహంతోనే సదయ్య తాత ఇంటికి పోయాను. ఆయన రేకుల పందిరి కింద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. తల ఎత్తి నా నుదురు చూశాడు.

"ఎవలు పోయిండ్రు?" అన్నాడు.

"నా వాళ్లెవలు పోలే తాతా. ఒక్క పూట కోసం తీసిన. రేపు కొట్టి వచ్చి మళ్ల పెట్టుకుంట." జరిగిందంతా చెప్పాను. "నాకు ధర్మం చెప్పకు. ఆమె నాకేం చేసిందో నీకు ఎరుకే."

"నేనెందుకు చెప్త? కొట్టు" అన్నాడు ఆయన. గింజ ఒకటి తీసి అవతల పారేశాడు. "గని ఒకటడుగుత. రాయి నీ చేతిలుంటది, నిజమే. పని ఎవలది?"

"ఎవలదంటే? నాదే."

"ఆగయ్యది. ముండరాలు గట్లనే ఉండాలె అన్నది ఆగయ్య. నీతోని బొట్టు తీయించిండు, గాజులు తీయించిండు, రేపు రాయి గూడ పట్టిస్తడు. సచ్చినంక గూడ నీతోని కూలి చేయించుకుంటుండు."

నాకు ఒళ్లు మండింది. "అంటే పగ ఇడిసిపెట్టుమంటవా?"

"ఇడువమని ఎవలన్నరు? నీ పగ చిన్నగున్నది బిడ్డా. పెద్దగ చేసుకో" అని మళ్లీ చింతపండు మీదికి వంగాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను. ఇన్నేళ్లు ఎదురుచూసిన ముద్ద నోటి దగ్గరికి వస్తే, ఇది కాదు ఇంకోటి తిను అన్నట్టు ఉంది. అన్నం తినబుద్ధి కాలేదు. అద్దంలో చూసుకుంటే ల్యాంపు రూము కిటికీలో నిలబడ్డ ఆడది కనిపించింది. ఆగయ్య బావ చూడాలనుకున్నది ఆ మొహాన్నే. అప్పుడు ముసలాయన మాట తలకెక్కింది.

తెల్లారి తలస్నానం చేసి పసుపుపచ్చ చీర కట్టుకున్నాను. రోజూ పెట్టుకునే బొట్టు కంటే పెద్ద బొట్టు పెట్టుకున్నాను. చేతుల నిండా గాజులు వేసుకుని ఆటో ఎక్కాను.

గంగ ఒడ్డున కులమంతా ఉంది. మగవాళ్ల క్షౌరాలు, పిండాలు అయిపోయాయి. పొద్దున్నే అయినా ఇసక అప్పుడే కాలుతోంది. ఇంటి దగ్గర భోజనాలకు యాటమాంసం ఉడుకుతోంది, అందరి ధ్యాసా దాని మీదే. లస్మక్క నీళ్ల దగ్గర కూర్చుని ఉంది. పసుపు మొహం, తలలో పూలు, మోచేతుల దాకా ఎర్ర గాజులు. ముందు పళ్లెంలో కుంకుమ, పక్కన రాయి. చిక్కిపోయింది. నన్ను చూసి, నా నుదురు చూసి, నోరు తెరిచింది.

"ఏందే గిది?" నర్సింగం మామ పైగుడ్డ దులుపుకుంటూ లేచి వచ్చాడు. "జైపాల్ చెప్పలేదా?"

"చెప్పిండు మామా."

"మరి గీ బొట్టేంది? గీ గాజులేంది?"

"నేను మీ ఇంటిదాన్నా, కాదా? ముందుగాల అది చెప్పు."

"కట్టుబాటు తీసేసినమని చెప్పినం గద. ఇంటిదానివే."

"ఎట్లున్నదాన్ని తీసుకున్నరు? ఇప్పుడున్నట్టేనా? నలుగురు వినేటట్టు చెప్పు. బొట్టున్నదని ఎల్లగొట్టినోళ్లు మీరే. బొట్టు తీసి రాయి పడితే, పని కాంగనే మళ్ల ఎల్లగొడతరు. బొట్టుతోని ఇంటిదాన్నంటెనే ఈడ ఉంట. కాదంటే ఆటో నిలబడ్డది, పోత."

ఆయన ఎండవైపు చూశాడు, జనంవైపు చూశాడు. వెనక నుంచి ఎవరో "అను మామా, ఒక్క మాటనే గద, అవుతల కూర మాడుతది" అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు కాసేపు నములుకుని చివరికి అనేశాడు.

"ఉన్నట్టే. బొట్టుతోనే మా కోడలివి. అయిపోయిందా? ఇగ జల్ది బొట్టు తుడిచి రాయి పట్టు."

"ఇగ రాయెందుకు మామా? మీ ఇంట్ల మొగడు పోయినామె బొట్టుతోని ఉంటదని నువ్వే చెప్పితివి. నాకు ఉన్నది అక్కకు ఎందుకద్దు? నేను కొట్ట."

ఒడ్డంతా గోలైంది. ఎవరో నన్ను బూతులు తిట్టారు. ఒకామె పరాయి ఇంటిపేరు ముండరాలిని పిలిపిద్దామంది. పరాయి చెయ్యి పడితే మా పిల్లల బతుకులేం కావాలని నర్సింగం మామ కోడళ్లే అడ్డం తిరిగారు. నేను వంగి రాయి తీసుకుని జైపాల్ చేతిలో పెట్టాను.

"కొడుకువు. కర్మ చేసినోనివి. నువ్వు కొట్టు."

వాడు రాయి వైపు చూశాడు, తల్లి చేతుల వైపు చూశాడు. "నాతోని కాదు" అని గంగలోకి విసిరేసి, నీళ్లలోనే కూలబడి ఏడ్చాడు.

"నా గాజులు కొట్టిననాడు పోశవ్వ రాయి కింద పెడితే, కొట్టుమని ఒడ్డు మీదికెల్లి అరిచిండ్రు. ఇయ్యాల అరిచేటోళ్లు ఎవలున్నరు? రాండ్రి, అరువుండ్రి" అన్నాను. ఆ రోజు అరిచిన ఒక్క మనిషి నా ముందు ఇసకలో కూర్చుని ఉంది.

లస్మక్క రెండు చేతులూ నా ముందుకు చాచింది.

"కొట్టు జమునా. నీకు చేసింది నాకు యాదికున్నది, మర్చిపోలే. నీకు దండం పెడ్త. ఇంకో రాయి తెచ్చి కొట్టు. నన్ను నలుగురిల ఉండనియ్యి."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కొట్టాలనిపించింది. ఆ చేతులు అంత దగ్గరగా ఉన్నాయి. నలుగురిలో ఉండనియ్యమని ఆమె అడుగుతోంది. నన్ను ఆ నలుగురిలోంచి తీసి ఉల్లిగడ్డల పక్కన కూర్చోబెట్టింది ఆమే. గాజులు పగిలితే ఆమెకు ఆ నలుగురూ మిగులుతారు. మూల కూర్చున్నా, వాళ్ల మధ్యే కూర్చుంటుంది. కొడితే నేను ఆమెకు మేలు చేసినదాన్నవుతాను. అది అర్థమయ్యాక నా చెయ్యి రాయి వెతకలేదు.

పళ్లెంలో కుంకుమ తీసుకుని ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. అది చెరిపేసే ముందు చివరిసారి పెట్టడానికి తెచ్చిన కుంకుమ. ఆమె గడ్డం పట్టుకుని బొటనవేలితో నుదుట అదిమాను. నొప్పి పుట్టేటట్టే పెట్టాను. "ఒద్దే, ఒద్దే జమునా, కీడే" అని తల తిప్పుకోబోయింది, తిప్పుకోనివ్వలేదు.

ముందు లేచింది ఎవరో తెలుసా? పండగ పండగకూ లస్మక్క చేతి పసుపు బొట్టు కోసం ఆ ఇంటికి వచ్చే ముత్తైదువలు. చీర కుచ్చిళ్లకంటిన ఇసక దులుపుకుని, ఆమె వైపు చూడకుండా ఆటోలెక్కారు. నర్సింగం మామ "గా ఇంట్ల ఎవడన్న తిని చెయ్యి కడిగితే కులంల ఉండడు" అని చెప్పి పోయాడు. ఆగయ్య బావ గొంతే ఆయనకు వచ్చింది. అంత జనంలో చివరికి ఒడ్డున మిగిలింది మేం ముగ్గురమే.

జైపాల్ తల్లిని లేపి ఆటోలో కూర్చోబెట్టాడు. నేనూ అదే ఆటో ఎక్కాను, ఎవరూ వద్దనలేదు. చాలా ఏళ్లకు ఆ గడప తొక్కాను. క్వార్టరు ముందు షామియానా, వరసగా బల్లలు, గంగాళాల నిండా అన్నం, యాటకూర. తినడానికి ఒక్క మనిషి రాలేదు. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని వీధివైపు చూస్తున్నారు. పదో దినం నాడు కులం ముద్ద ముట్టకుండా పోతే చచ్చినవాడికి గతులుండవని ఆగయ్య బావే అందరికీ చెప్పేవాడు.

"గీ కూర ఏం చెయ్యాలె చిన్నమ్మా? కుక్కలకేస్తమా?" అన్నాడు జైపాల్.

"తినేటోళ్లను పిలుస్త. నీకిష్టమేనా?"

వాడు తండ్రి ఫోటోవైపు కాసేపు చూశాడు. "పిలువు" అన్నాడు.

సదయ్య తాతకు ఫోన్ చేశాను. బోధవాళ్లంతా వచ్చారు, ముసలీ ముతకా, పిల్లా జెల్లా. ఆగయ్య బావ బతికుండగా ఆ వాకిట్లో చెప్పులు విడవని కులాలన్నీ బల్లల ముందు కూర్చున్నాయి. వంటవాళ్లు మాకెందుకొచ్చిన గొడవని గరిటెలు దింపి పోయారు. జైపాల్ అన్నం పెడుతూ పోయాడు. గంగాళంలోంచి కూర తోడి వడ్డించింది లస్మక్కే. బొట్టు చెరుపుకోలేదు. చెరుపుకుందామంటే గంగ ఒడ్డు కావాలి, ఇంటిపేరు చెయ్యి కావాలి, నలుగురు కావాలి. ఇంట్లో ఉత్తగా తుడుచుకుంటే అది ఇంకా పెద్ద అరిష్టమని ఆమె నమ్మకం.

సదయ్య తాత ముందుకు వచ్చేసరికి గరిటె ఆగింది. ఆయన విస్తరి కొంచెం ముందుకు జరిపాడు. లస్మక్క ఫోటోవైపు చూసింది, ఆయన వైపు చూసింది, తరవాత కూర వేసింది. ముసలాయన మెత్తటి ముక్కలు ఏరుకుని తిన్నాడు. నేను ఆయన పక్కనే కూర్చుని మారు వడ్డించుకున్నాను. అంత ఆకలి నాకు ఎన్నేళ్ల నుంచో లేదు.

అందరూ లేచాక లస్మక్క నా ఎదురుగా వచ్చి కూర్చుంది. చేతికి కూర అంటుకుని ఉంది. వీధి వైపు చూసింది. ఆ వీధిలో వాళ్లందరూ ఆమెకు తెలుసు. ఒక్క తలుపు తెరిచి లేదు.

"రేపటి సంది నేను ఎవలింటికి పోవాలె జమునా? నా ఇంటికి ఎవలస్తరు?"

"నేనస్త" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. అక్కడ జాలి కోసం వెతికిందనుకుంటాను, లేనిది ఎక్కడ దొరుకుతుంది?

"నువ్వు గాజులు కొడితెనే బాగుండు" అంది.

"తెలుసక్కా. అందుకే కొట్టలే."